తల్లి గడ్డ - పిల్ల గడ్డ

తెలుగులో "గడ్డ" అన్నంత గడుసు మాట ఇంకోటి లేదు. కాళ్ళకింది నేలా గడ్డే. ఆ నేలలో ఊరే దుంపా గడ్డే. ఒంట్లో లేచే కణితీ గడ్డే. నిఘంటువులు రాసే పెద్దలు వీటిని విడివిడి అర్థాలుగా చూపిస్తారు గాని, ఈ మూడూ ఒకే కథలోవని నాకు తెలియజెప్పింది మా రెండో మేనత్త. ఆవిడ నిఘంటువు తిరగేసిన మనిషి కాదు. పెద్దబాలశిక్షతో చదువు ఆపేసి, పెరడూ పాడీ చూసుకుంటూ బతికిన మనిషి.

నలభై ఏళ్ళ పైమాట. గోదావరి జిల్లాలో మా ఊరు. అత్తయ్యకి రొమ్ములో గడ్డ తగిలింది. తగిలిన సంగతి ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, "రాచపుండుకి కత్తి తగిలితే ఒళ్ళంతా పాకుతుందిట" అని ఎవరో చెవిలో వేశారు. చివరికి దాచలేనంత అయ్యాక పట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించారు. రెండేళ్ళు హాయిగా తిరిగింది. ఆ తరవాత నడుంనొప్పి మొదలైంది. వాతం అనుకుని తైలాలు రాశారు. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూసలో గడ్డ. మరో ఎనిమిది నెలలకి కాలేయంలో ఇంకోటి.

"కొత్త జబ్బు కాదమ్మా, పాతదే ఇక్కడికొచ్చింది" అన్నాడు డాక్టరు. చిన్నవాడు, ముప్ఫై ఏళ్ళుంటాయేమో.

"అదేమిటి బాబూ! దాన్ని కోసి పారేశారు గదా. తల్లి పోయిన మూడేళ్ళకి పిల్లలెలా పుడతాయి?" అంది అత్తయ్య.

"ఆపరేషన్‌కి ముందే విత్తనాలు వెళ్ళిపోయి ఉంటాయమ్మా."

"సరే, నడుంలో విత్తనం అలా పడిందనుకుందాం. మరి కడుపులోది ఎవరు వేశారు? పోయిన తల్లా, నడుంలో కూర్చున్న పిల్లా?"

డాక్టరు చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. ఆ రోజున ఆ ప్రశ్నకి రూఢిగా జవాబు చెప్పగల డాక్టరు ప్రపంచంలోనే లేడు.

ఇంటికొచ్చాక అత్తయ్య పెరట్లో తుంగ తవ్విస్తూ నన్ను పిలిచింది. తుంగ సంగతి రైతులకి చెప్పక్కర్లేదు. పైన గడ్డి పీకితే కింద గడ్డ మిగులుతుంది. ఆ గడ్డకి దారంలాంటి వేరు పుట్టి, దాని చివర ఇంకో గడ్డ ఊరుతుంది. దానికింకో దారం, ఇంకో గడ్డ. "చూడరా, ఈ చివరున్నదీ ఆ చివరున్నదీ ఒకదాన్నొకటి చూసుకోనన్నా లేదు. మధ్యదే రెంటికీ పెద్దది. ఆ డాక్టరు కుర్రాడికిది చూపిస్తే బావుండును" అంది.

ఆ సంక్రాంతికి ఆవిడ లేదు. ప్రశ్న మాత్రం నా దగ్గర ఉండిపోయింది. అప్పట్నించీ ఎక్కడ ఏ కాస్త దొరికినా చదువుతూ వచ్చాను. చదివిందాంట్లో తేలిందేమిటంటే, అత్తయ్య ప్రశ్నకి చాలా పెద్ద చరిత్రే ఉంది.

గ్రీకు దేశంలో హిపోక్రటిస్ నాటి వైద్యులు ఈ జబ్బుకి "కార్కినోస్" అని పేరుపెట్టారు. పీత అన్నమాట. పంచాంగంలో మన కర్కాటక రాశి గుర్తూ పీతే, ఇంగ్లీషువాళ్ళు ఆ రాశిని పిలిచేదీ కాన్సరనే. గడ్డ చుట్టూ ఉబ్బిన రక్తనాళాలు పీతకాళ్ళలా ఉంటాయి గనక ఆ పేరు నప్పిందని రోమ్‌లో గాలెన్ అనే మహావైద్యుడు చెప్పాడు. ఆయన లెక్కలో ఈ జబ్బుకి కారణం నల్లపిత్తం. మనకి వాతపిత్తకఫాలు మూడైతే వాళ్ళకి రక్తంతో, రెండు రకాల పిత్తాలతో కలిపి నాలుగు రసాలు. అందులో నల్లపిత్తం ఎక్కువై గడ్డ కడుతుందని సిద్ధాంతం. పదమూడు, పద్నాలుగు వందల ఏళ్ళు దానికి తిరుగులేదు.

ఈ సిద్ధాంతంలో ఒక సుఖం ఉంది. ఒళ్ళంతా చెడ్డ రసం పారుతోందంటే తల్లి గడ్డ ఏది, పిల్ల గడ్డ ఏది అన్న పేచీయే లేదు. వరదొచ్చి ఊరంతా మునిగాక ఎవరింటి నీళ్ళు ఎవరింట్లోకి వచ్చాయని అడిగేవాడెవడు?

ఆ పేచీ మొదలైంది 1829లో. పారిస్‌లో రెకామియె అనే స్త్రీల వైద్యుడు, రొమ్ము కాన్సరు మనిషి మెదడులో కూడా గడ్డ కనబడటం చూశాడు. గడ్డ పక్కనున్న రక్తనాళంలోకి కాన్సరు చొచ్చుకుపోవడమూ చూశాడు. ఇది చోటు మారడం అని గుర్తించి "మెటాస్టాసిస్" అన్న మాట వాడాడు. ఆ పేరే ఇప్పటికీ ఖాయం. సరిగ్గా ఆ 1829లోనే, ఇక్కడ సి.పి. బ్రౌన్ దొర వేమన పద్యాలని అచ్చువేయించాడు. ఆ రెంటికీ ఏం సంబంధం అంటారా? ఉంది. కాస్త ఓపిక పట్టండి.

ఆ తరవాత సూక్ష్మదర్శిని వచ్చింది. 1838లో జర్మనీలో యోహన్నెస్ ముల్లర్ గడ్డలు కణాలతో కట్టినవేనని చూపించాడు. ఆయన శిష్యుడు విర్ఖో 1858లో, ప్రతి కణమూ ఇంకో కణం నుంచే పుడుతుందని చాటాడు. అంత మహానుభావుడూ ఇక్కడ మాత్రం పాత పిత్తం వాసన వదులుకోలేకపోయాడు. తల్లి గడ్డ నుంచి ఏదో రసం పారి, అది తగిలినచోట అక్కడి కణాలే కాన్సరుగా మారతాయని ఆయన అభిప్రాయం. కాదు, ప్రయాణం చేసేవి కణాలేనని 1865లో థీర్ష్ వాదించాడు. 1869లో ఆస్ట్రేలియాలో ఆష్‌వర్త్ అనే డాక్టరు, ఒంటినిండా గడ్డలతో చనిపోయిన ఒక మనిషి రక్తపు చుక్కని అద్దం కింద పెట్టి చూశాడు. గడ్డలో ఉన్నలాంటి కణాలే రక్తంలోనూ కనిపించాయి. దొంగ దారిలోనే దొరికాడన్నమాట.

దొంగ దొరికాడు సరే, ఎవరింటికి వెడుతున్నాడు?

ఆ ప్రశ్న వేసినవాడు లండన్‌లో స్టీఫెన్ పాజెట్ అనే శస్త్రవైద్యుడు. 1889లో "లాన్సెట్" పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. రొమ్ము కాన్సరుతో చనిపోయిన 735 మంది స్త్రీల శవపరీక్షల రికార్డులు ముందు పెట్టుకుని కూర్చున్నాడాయన. వాళ్ళలో 241 మందికి కాలేయంలో పిల్ల గడ్డలున్నాయి. ప్లీహంలో ఉన్నది 17 మందికే. ప్లీహానికీ రక్తం పుష్కలంగానే అందుతుందే! గాలివాటున కొట్టుకుపోయే విత్తనాలైతే ఇటు ఇన్నీ అటు ఇన్నీ పడాలి గదా? అందుకని ఆయన తేల్చిందేమంటే, మొక్క విత్తనాలు అన్ని దిక్కులకీ ఎగురుతాయి, మొలిచేవి మాత్రం తమకి పడే నేలలో పడినవే. విత్తనం గురించి అందరూ చూస్తున్నారు, నేల గురించి కూడా చూడాలి అని చెప్పాడు.

చూశారా, గడ్డకి గడ్డ కావాలి! ఇది మన రైతుకి కొత్త సంగతేమీ కాదు. నల్లరేగడిలో వేసింది ఇసకనేలలో వేస్తే ఏమౌతుందో వాడికి తెలుసు. కాని వైద్యలోకం ఆ మాట విని పక్కన పెట్టింది. కారణం, అప్పటికి శస్త్రవైద్యుల ప్రాభవం వెలిగిపోతోంది. అమెరికాలో హాల్‌స్టెడ్ 1894లో రొమ్మునీ, కింద ఛాతీ కండరాన్నీ, చంకలోని గ్రంథుల్నీ ఒకే ముక్కగా తీసేసే పెద్ద ఆపరేషన్ గురించి రాశాడు. ఆయన లెక్కలో కాన్సరు కాలువనీళ్ళ లాంటిది. పెద్దకాలువ నుంచి పిల్లకాలువకి, అక్కణ్ణుంచి మడిలోకి, వరసగా పాకుతుంది. ఎంత వెడల్పుగా గట్టు కొడితే అంత మంచిది. దాదాపు ఎనభై ఏళ్ళు స్త్రీలు ఆ గట్టు కింద నలిగారు. 1971లో పిట్స్‌బర్గ్‌కి చెందిన బెర్నార్డ్ ఫిషర్ పెద్ద పెద్ద పరీక్షలు మొదలుపెట్టి, 1985 నాటికి అంత కోత అక్కర్లేదని, గడ్డ మట్టుకు తీసి కిరణ చికిత్స ఇచ్చినా బతికే కాలం తగ్గదని చూపించాడు. కత్తికి అందే చోటున్న కాన్సరు ప్రాణం తియ్యడం లేదు. అప్పటికే దూరం వెళ్ళిపోయినది తీస్తోంది.

ఇక్కడ మా అత్తయ్య చెవిలో పడిన మాట సంగతి చెప్పాలి. "కత్తి తగిలితే పాకుతుంది" అని. చరిత్ర చెప్పేది వేరు. చాలామందికి కత్తి పెట్టేనాటికే విత్తనాలు వెళ్ళిపోయి ఉన్నాయి. ఆపరేషన్ తరవాత పిల్ల గడ్డలు కనబడేసరికి, పాపం, నింద కత్తి మీద పడింది. ముందొచ్చినది తరవాత కనబడింది, అంతే.

మరి వెళ్ళిపోయినవాటిని పట్టుకునేదెవరు? కత్తి కాదు, రక్తంలో పడి వెంటాడే మందు. ఆ మందు కథలో మనవాడొకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకి పెద్దగా ఉండి, ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్నీ, దానికి విరుగుడుగా పనిచేసే మందుల్నీ తయారుచేసింది. కణం పెరగాలంటే ఫోలిక్ ఆమ్లం కావాలి. దాని వేషం వేసుకుని వెళ్ళి, కణం నోట్లో మట్టికొట్టేదే ఆ విరుగుడు. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తకాన్సరు పిల్లలకి ఇచ్చి కొన్నాళ్ళపాటు జబ్బు తగ్గించగలిగానని 1948లో ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావు పోయారు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్.

1956లో అమెరికాలో మిన్ చ్యూ లీ, రాయ్ హెర్ట్జ్ అనే ఇద్దరు డాక్టర్లు, గర్భానికి సంబంధించిన ఒకరకం కాన్సరు ఊపిరితిత్తుల దాకా పాకిన స్త్రీలకి ఈ మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఎక్స్‌రేలో కనబడే గడ్డలు మాయమయ్యాయి. పాకిన గడ్డ మందుతో నయం కావడం అదే మొదలు. చిత్రమేమిటంటే, గడ్డలు పోయినా లీ మందు ఆపలేదు. ఆ కాన్సరు విడిచే హార్మోను మూత్రంలో ఇంకా కాస్త కనబడుతోంది, అంటే ఎక్కడో కొన్ని విత్తనాలు మిగిలున్నాయని ఆయన పట్టు. ఇదేం చోద్యం, కనబడని జబ్బుకి వైద్యమా అని పైవాళ్ళు ఆయన్ని ఉద్యోగంలోంచి పంపేశారు. తరవాత తేలింది, అలా చివరిదాకా మందు పడిన వాళ్ళకి జబ్బు తిరగబెట్టలేదని. 1972లో ఆయనకి లాస్కర్ బహుమతి ఇచ్చి సరిపెట్టుకున్నారు.

1976లో ఇటలీలో బొనడోన్నా ఇదే సూత్రాన్ని రొమ్ము కాన్సరుకి వాడాడు. ఆపరేషన్ అయిన 386 మంది స్త్రీలలో సగం పైచిలుకు మందికి మెథోట్రెక్సేటుతో కలిపి మూడు మందులు ఇచ్చాడు. 27 నెలల్లో మందు పడనివాళ్ళలో నూటికి 24 మందికి జబ్బు తిరగబెడితే, పడినవాళ్ళలో తిరగబెట్టింది నూటికి అయిదుగురికి. మా అత్తయ్యకి ఎక్కించిన సీసాల్లో పసుప్పచ్చటిదొకటి ఉండేది. అదే మెథోట్రెక్సేట్. దాని వెనక మన భీమవరం కుర్రాడున్నాడని ఆవిడకీ తెలీదు, అప్పటికి నాకూ తెలీదు.

ఇక ఆవిడ అసలు ప్రశ్నకొద్దాం. పిల్ల గడ్డకి పిల్లలు పుడతాయా?

పశువైద్యం చదువుకుని పరిశోధనలోకి వచ్చిన ఐజయ్య ఫిడ్లర్, పాజెట్ వ్యాసాన్ని దుమ్ము దులిపి పైకి తీశాడు. 1970లో ఎలుకల రక్తంలోకి గుర్తుపెట్టిన కాన్సరు కణాలు ఎక్కించి చూస్తే, ఒక రోజు గడిచేసరికి నూటికి ఒకటైనా బతికి లేవు. 1980లో ఇయాన్ హార్ట్‌తో కలిసి ఇంకో తమాషా చేశాడు. ఎలుకల ఒంట్లో వేరేచోట ఊపిరితిత్తి ముక్క, అండాశయం ముక్క, మూత్రపిండం ముక్క అంటుకట్టాడు. రక్తంలో వదిలిన కణాలు మొదటి రెంటిలో మొలిచాయి, మూడోదాంట్లో మొలవలేదు. పాజెట్ అన్న నేల గుణం కళ్ళకు కట్టింది.

1984లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఒక రిపోర్టు మరీ ఆశ్చర్యం. కాన్సరు ముదిరి పొట్టలో నీరు చేరినవాళ్ళకి బాధ తగ్గించడానికని, ఆ నీటిని గొట్టం ద్వారా మెడలోని రక్తనాళంలోకి మళ్ళించారు. ఆ నీటితోపాటు లక్షలాది కాన్సరు కణాలు నేరుగా రక్తంలోకి! అయినా చాలామందిలో వాటివల్ల చెప్పుకోదగ్గ కొత్త గడ్డలు లేవలేదు. కొందరిలో చిన్నవి పడి, పెరక్కుండా ఊరుకున్నాయి. విత్తనం పడగానే మొలుస్తుందనుకోవడం పొరపాటన్నమాట.

అంత కష్టమైన ప్రయాణమైతే, ఒకసారి నిలదొక్కుకున్న పిల్ల గడ్డ మాటేమిటి? ప్రయాణంలో చావనిది, కొత్త నేలలో కాపురం పెట్టగలిగినది. రెండో ప్రయాణానికి దానికంటే అర్హులెవరు?

ఈ అనుమానం అమెరికాలోని బఫెలో నగరంలో బ్రాస్, వియాడానా, పిక్రెన్ అనే ముగ్గురికి వచ్చింది. 1975లో రాసిన వ్యాసానికి వాళ్ళు పేరే ప్రశ్నగా పెట్టారు. ఒళ్ళంతా పరుచుకున్న పిల్ల గడ్డలు నేరుగా తల్లి గడ్డ నుంచే వస్తాయా, అని. మా అత్తయ్య అడిగిందీ అదే గదా! వాళ్ళూ పాజెట్ లాగే శవపరీక్షల కాగితాలు ముందేసుకున్నారు. ఊపిరితిత్తులు, కాలేయం, ఎముక వంటి చోట్ల గడ్డ లేకుండా, దూరపు అవయవాల్లో మాత్రమే గడ్డలున్నవాళ్ళు ఎందరని వెతికారు. బహు కొద్దిమంది. అంటే కాన్సరు ముందు ఒక జంక్షన్ చేరుతుంది. అక్కణ్ణుంచి మిగతా ఊళ్ళకి బండి మారుతుంది. బెజవాడలో దిగకుండా బందరు రైలెక్కలేనట్టు.

ఊహ బాగుంది. రుజువు మాత్రం చిక్కలేదు. శవపరీక్ష కోత కోసిన చేను లాంటిది. ఏ మొక్క ముందు మొలిచిందో చేను చెప్పదు. ఆ వరస చదవడం మరో 35 ఏళ్ళకిగాని కుదరలేదు.

ఇప్పుడు బ్రౌన్ దొర దగ్గరికి వెడదాం. ఆయన ఒకే గ్రంథానికి ఊరూరి నుంచీ తాటాకు ప్రతులు తెప్పించి, పండితుల చేత పక్కపక్కన పెట్టి సరిచూపించేవాడు. రాయసగాడు ప్రతి ఎత్తేటప్పుడు తప్పులు దొర్లుతాయి. ఆ ప్రతి చూసి ఎత్తినవాడు ఆ తప్పులూ దింపుతాడు, తనవి రెండు కలుపుతాడు. కనక తప్పుల్ని పోలిస్తే ఏ ప్రతి ఏ ప్రతికి బిడ్డో తెలిసిపోతుంది. మూడు ప్రతులున్నాయనుకోండి. రెండోదాంట్లో కొత్తగా దొర్లిన తప్పు మొదటిదాంట్లో లేదు, మూడోదాంట్లో ఉంది. అప్పుడు మూడోవాడు మొదటిదాన్ని చూసి రాయలేదు, రెండోదాన్ని చూసి రాశాడనేగా?

కణం కూడా రాయసగాడే. రెండుగా చీలేటప్పుడల్లా తన డి.ఎన్.ఎ.ని ప్రతి ఎత్తుతుంది, అక్కడక్కడ తప్పులు దొర్లిస్తుంది. ఆ తప్పుల్ని అక్షరం అక్షరం చదివే యంత్రాలు వచ్చాక కాన్సరు వంశవృక్షం గీయడం సాధ్యమైంది. 2010లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో క్లోమ కాన్సరుతో పోయిన 7గురి గడ్డలు అలా చదివారు. మొదటి తప్పు దొర్లిన నాటి నుంచి తల్లి గడ్డకి పునాది వేసే కణం పుట్టడానికి పదేళ్ళకి తక్కువ కాలేదు. అది దేశాంతరం పోగల శక్తి సంపాదించడానికి మరో అయిదేళ్ళయినా పట్టింది. ఆ శక్తి వచ్చాక మనిషి పోయేదాకా మాత్రం సగటున రెండేళ్ళే. అంత కాలం అది లోపల ఉంటుందని తలుచుకుంటే గుండె జారుతుంది. అంత కాలం మనకి వ్యవధి ఉందని తలుచుకుంటే కాస్త ధైర్యం కూడా వస్తుంది.

2015లో అసలు జవాబు వచ్చింది. ప్రోస్టేట్ గ్రంథి కాన్సరుతో పోయిన 10 మంది పురుషుల నుంచి తీసిన 51 గడ్డలని పూర్తిగా చదివి "నేచర్" పత్రికలో ప్రకటించారు. ఆ పదిమందీ బతికుండగానే, తాము పోయిన గంటల్లోపల దేహాన్ని పరీక్షకి తీసుకోమని ఒప్పుకుని సంతకం పెట్టినవాళ్ళు. చదివితే ఏముంది? పిల్ల గడ్డ నుంచి పిల్ల గడ్డకి పాకడం మామూలే! తల్లి గడ్డలో లేని తప్పు ఒక పిల్ల గడ్డలో పుట్టి, దూరాన ఇంకో పిల్ల గడ్డలో ప్రత్యక్షమైంది. సగం మందిలో అయితే ఒంటరి కణం కాదు, రెండు మూడు వంశాలవి కూడబలుక్కుని వలసపోయినట్టు కనబడ్డాయి.

తుంగే, అచ్చం తుంగే. అత్తయ్య మాట నిజమైంది.

అయితే ఒక మెట్టు మిగిలింది. పిల్ల గడ్డ విత్తనం పంపుతుంది సరే, తను కూర్చున్న నేలవల్ల ఆ విత్తనానికి ఏమైనా కొత్త బలం వస్తుందా? 2021లో హ్యూస్టన్‌లోని పరిశోధకులు ఎలుకల్లో ఆ సంగతి చూశారు. కాన్సరు కణాల్లో ఒక గుర్తు పెట్టారు. మామూలు గుర్తు కాదు, తరం తరానికీ కొంచెం కొంచెం మారుతూ పోయే గుర్తు. సంధ్యవార్చేవాడు ప్రవర చెప్పుకున్నట్టు ప్రతి కణమూ తన పూర్వీకుల పేర్లు చెబుతుందన్నమాట. ఆ ప్రవర చదివితే, ఎముకలో పడిన గడ్డ అక్కడితో ఆగకుండా మిగతా అవయవాలకి విత్తనం చల్లుతోందని తేలింది. అంతకన్నా ముఖ్యం, ఎముకలో మకాం పెట్టిన కణాలకి రాతలో మార్పు లేకుండానే నడత మారింది. ఎక్కడైనా మొలవగల పసితనపు గుణం మళ్ళీ వచ్చింది. అందుకు తోడ్పడే ఇ.జెడ్.హెచ్.2 అనే పదార్థాన్ని మందుతో అడ్డుకుంటే ఆ గుణం తగ్గింది. ఎలుకల మాట ఇదంతా. మనుషులకి మందుగా రావడం వేరే సంగతి. కాని ఎముక వట్టి మజిలీ కాదు, విత్తనానికి పదును పెట్టే నారుమడి అని తెలిసింది.

"తెలిస్తే ఏమిటయ్యా ప్రయోజనం?" అని మీరడగవచ్చు. ప్రయోజనం ఉంది. కాన్సరు పాకిందనగానే ఇక లాభం లేదని చేతులెత్తేయడమే పాత ఆచారం. తల్లి గడ్డే అన్నిటికీ మూలమైతే, నడుంలో గడ్డని వెంటాడి ఏం లాభం? కాని ఆ పిల్ల గడ్డే రేపటి గడ్డలకి తల్లి అయితే లెక్క మారుతుంది. పాకిన గడ్డలు నాలుగైదే ఉన్న దశ వేరు, ఒళ్ళంతా పరుచుకున్న దశ వేరు అని షికాగోలో హెల్మన్, వైక్సెల్‌బామ్ 1995లోనే అన్నారు. కెనడా డాక్టర్లు ముందుండి 99 మంది మీద ఒక పరీక్ష చేశారు. ఒకటి నుంచి అయిదు పిల్ల గడ్డలున్నవాళ్ళలో కొందరికి ఆ గడ్డలన్నిటినీ గురిపెట్టిన కిరణాలతో కాల్చారు. 2020లో ప్రకటించిన లెక్క ప్రకారం, అయిదేళ్ళు బతికినవాళ్ళు మామూలు వైద్యంలో నూటికి 18 మందైతే, గడ్డలు కాల్చినవాళ్ళలో 42 మంది.

ఇది అందరికీ వర్తిస్తుందని ఎగిరి గంతెయ్యకండి. 2022లో రొమ్ము కాన్సరు వాళ్ళ మీదే ఇలాంటి పరీక్ష ఇంకోటి చేస్తే చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు. విత్తనాన్ని బట్టి, నేలని బట్టి. పాజెట్ 1889లో చెప్పిందే. ఎవరికి ఏ గడ్డ ఎప్పుడు తియ్యాలన్నది ఇప్పటికీ డాక్టర్లు ఒక్కొక్క మనిషినీ చూసి తేల్చుకోవలసిన మాటే.

ఈ చరిత్రంతా చదివాక నా మనసులో నిలిచింది గొప్పవాళ్ళ పేర్లు కావు. పాజెట్ లెక్కపెట్టిన 735 మంది స్త్రీల పేర్లు ఆ వ్యాసంలో లేవు. 2015 నాటి ఆ పదిమంది మగవాళ్ళ పేర్లూ లేవు. అందరూ తమ తమ గడ్డలతో పోయి, పోయాక జవాబు చెప్పినవాళ్ళు. మా అత్తయ్య ప్రశ్న అడిగి పోయింది. అడిగినవాళ్ళూ చెప్పినవాళ్ళూ కలిస్తేగాని ఏ శాస్త్రమూ నడవదనిపిస్తుంది.

కనక ఒక్క మనవి. జబ్బుపడ్డ ఇంట్లో పెద్దవాళ్ళు ఏదైనా ప్రశ్న వేస్తే, చదువురానివాళ్ళ చాదస్తం అని కసురుకోకండి. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పండి, చాలు. ఇంకొకటి. ఒంట్లో గడ్డేదైనా తగిలితే ఏడాదిపాటు దాచకండి. కత్తి తగిలితే పాకుతుందని ఎవరైనా చెవిలో వేస్తే, పాకేది కత్తివల్ల కాదు, దాచిన కాలంవల్ల అని చెప్పండి.

మా పెరట్లో తుంగ ఇంకా ఉంది. ఈ మధ్య వెళ్ళినప్పుడు తవ్వాను. గడ్డ చేతికొచ్చాక అక్కడితో ఆగకుండా, దారం తెగకుండా పట్టుకుని చివరిదాకా వెళ్ళాను. సాయంత్రానికి గజం మేరే అయింది.